కదలని కుందేళ్ళు

కుందేళ్ళు మేత ముట్టడం లేదు. ఎందుకో ఓబులేసుకు అంతుపట్టలేదు.

పొద్దున వేసిన గరిక సాయంత్రానికి అట్లాగే వాడిపోయి ఉండేది. లేదంటే మేక వచ్చి ఊడ్చుకుపోయేది. ముల్లంగి ఆకు తెచ్చి చూశాడు. కొత్తిమీర కట్ట తెచ్చి మూతి దగ్గర పెట్టి చూశాడు. రెండు కుందేళ్ళూ దొడ్డి మూలన ఒకదానికొకటి ఆనుకొని, చెవులు వీపుకు అంటించుకొని, మట్టిబొమ్మల్లా కూర్చునేవి. దెబ్బ లేదు, పుండు లేదు, కళ్ళల్లో పుసి లేదు. వాటి జోలికి ఎవరూ పోవడం లేదు. అయినా వీపు నిమిరితే ఎముకలు చేతికి తగులుతున్నాయి.

నల్లమల అంచున, నాపబండల గనులు దాటాక, వేపచెట్ల కింద ఒక చిన్న తకియా ఉంది. తకియా అంటే ఫకీరు తల దాచుకునే చోటు. అందులో కాసింపీరా తాత ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టిన మనిషి. ఏ పీరు దగ్గర ఏం విన్నాడో ఏమో, ఒకరోజు భుజం మీది దూది ఏకే విల్లు తెచ్చి ఇక్కడ దించాడు. హిందువులు వచ్చేవాళ్ళు, ముస్లింలు వచ్చేవాళ్ళు. తాత బోధలు చెప్పేవాడు కాదు. ఎవరైనా మరీ పట్టుబట్టి అడిగితే, "బొరుగుల ఉగ్గాని తిన్నావా?" అనేవాడు.

చుట్టుపక్కల ఎవరికి ఏ జీవం బరువైతే దాన్ని తెచ్చి తకియాలో వదిలిపోయేవాళ్ళు. కాలు విరిగిన మేక, గుడ్లు మానేసిన కోళ్ళు, గోల భరించలేక ఇంటివాళ్ళు తరిమేసిన గిన్నికోళ్ళు, నల్లోడు అనే పెద్ద కుక్క. కుందేళ్ళూ అట్లా వచ్చినవే. నంద్యాలలో ఎవరింట్లోనో పిల్ల ముచ్చటపడిందని కొన్నారట. బాడుగ ఇల్లు మారేటప్పుడు కొత్త ఇంటాయన ఒప్పుకోలేదట.

ఓబులేసు మాత్రం తనంతట తానే వచ్చాడు. నలభై దాటిన మనిషి. నిలువెత్తు శరీరం, దానికి తగ్గ గొంతు. భార్య పోయింది, పిల్లల్లేరు. తమ్ముడు మద్దిలేటి, తమ్ముడి భార్య సుంకులు, తను ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. వచ్చిన రోజే తాత ముందు కూలబడి తన గోడు వెళ్ళబోసుకున్నాడు.

"ఒక కడుపున పుట్టినోళ్ళం తాతా. తమ్ముణ్ణి ఒక్క మాట అన్నోణ్ణి కాదు. వాని పెండ్లాన్ని కన్నకూతురు మాదిరి చూసుకున్నా. అయినా నడింట్లో గోడ పెట్టుకున్నారు. గోడ కావాలని అడిగింది ఆ పిల్లేనంట. నేనేం తప్పు చేసినా?"

తాత సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కించాక అడిగాడు.

"దొడ్డి పని చూస్తావా?"

అంతే. జవాబు దొరుకుతుందేమోనని ఓబులేసు దొడ్డిలో దిగాడు.

అప్పట్లో దొడ్డి లోపల తడికలు ఉండేవి. కందికట్టెతో అల్లినవి. కోళ్ళకొక వాటా, మేకకొక వాటా, కుందేళ్ళకొక వాటా. కుక్క బయట తిరిగేది. ఆ తడికలు చూసినప్పుడల్లా ఓబులేసుకు ఇంట్లో గోడ కళ్ళముందు మెదిలేది. దేవుడి పేరు చెప్పుకునే చోట కూడా అడ్డుగోడలేనా అనిపించింది. ఒకరోజు తాత ఊళ్ళోకి పోయిన సమయం చూసి తడికలన్నీ పీకి పడేశాడు.

తాత తిరిగొచ్చి దొడ్డి వంక చూశాడు.

"తడికలేవి?"

"పొయ్యిలో పెట్టినా తాతా. దేవుని చోట అడ్డాలెందుకు? అన్నీ ఒక్కతావున బతకనీ."

"అన్నం బాగా ఉడికిందా?"

"ఉడికింది."

"సరే," అని తాత కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. మెచ్చుకున్నట్టా, కోప్పడినట్టా? ఓబులేసు చాలాసేపు ఆలోచించాడు. తేలలేదు.

మొదట్లో గందరగోళమే అయింది. గిన్నికోళ్ళు కొంప మునిగినట్టు అరిచాయి. కుందేళ్ళు గోడ వెంబడి అటూ ఇటూ పరిగెత్తాయి, వెనక కాళ్ళతో నేలను దబదబా కొట్టాయి. ఓబులేసు ఓపిక పట్టాడు. నల్లోడు నెమ్మదైన కుక్క. అడ్డం పోయేసరికి దొడ్డిలోకి వచ్చి, కుందేళ్ళ దగ్గరికి పోయి వాసన చూసింది. తల నుంచి తోక దాకా నాకింది. తర్వాత వాటి పక్కనే కాళ్ళు చాపుకొని పడుకుంది. కుందేళ్ళు పరిగెత్తడం మానేశాయి. నేలను కొట్టడం కూడా మానేశాయి. కుక్క ముట్టె ముందు రెండు దూది ఉండల్లా కూర్చుండిపోయాయి.

అది చూసి ఓబులేసుకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మనుషులకు చేతకానిది నోరులేని జీవాలు చేసి చూపించాయి అనుకున్నాడు.

గురువారం తకియాకు జనం వస్తారు. ఆ వారం వచ్చినవాళ్ళు దొడ్డి దగ్గరే ఆగిపోయారు. "కుక్క పక్కన చెవులపిల్లులు పడుకునేది యాడన్నా ఉందా!" అని నోళ్ళు నొక్కుకున్నారు. ఎవరో సెల్‌ఫోనులో ఫోటో తీశారు. ఒక ముసలామె దొడ్డి గడప దగ్గర టెంకాయ కొట్టింది. మరుసటి వారం నుంచి ఆటోల్లో రావడం మొదలైంది. తాతకు దండం పెట్టిన చేతులతోనే ఓబులేసుకూ దండం పెట్టసాగారు.

ఓబులేసు కూడా నాలుగు మాటలు చెప్పడం నేర్చుకున్నాడు.

"చూడండి, ఎంత శాంతంగా ఉండాయో. మన మనసులో పగ లేకుంటే వాటికీ ఉండదు. అడ్డం తీసేయండి, అన్నీ కలిసిపోతాయి." ఆ పెద్ద గొంతు దొడ్డి దాటి, చెట్లు దాటి రోడ్డు దాకా వినబడేది.

ఒకసారి అతను అట్లా చెబుతుండగా తాత కూడా వచ్చి జనం వెనకాల నిలబడి విన్నాడు. అందరూ పోయాక దగ్గరికి వచ్చాడు.

"వాటి ముక్కులు చూసినావా?"

"ఏ ముక్కులు తాతా?"

"కుందేళ్ళవి."

ఓబులేసు వంగి రెండు ముక్కులూ చూశాడు. శుభ్రంగా ఉన్నాయి. చీమిడి లేదు, తడి లేదు.

"జలుబేం లేదు తాతా."

తాత తలూపి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతే కుందేళ్ళు మేత తగ్గించాయి. పెంటికలు చిన్నవయ్యాయి, తర్వాత అవీ కనబడలేదు. ఓబులేసు ఒక కుందేలును బుట్టలో పెట్టుకొని పశువుల ఆసుపత్రికి మోసుకుపోయాడు. డాక్టరు కడుపు నొక్కి చూశాడు, పళ్ళు చూశాడు. "రోగమేమీ కనబడలేదు. తినకపోతే మాత్రం దక్కదు. ఏదో ఒకటి తినిపించు," అని మందు రాసిచ్చాడు. ఓబులేసు మందు తాగించాడు. దొడ్డి దగ్గర అగరొత్తులు వెలిగించాడు. కుందేళ్ళ ముందు కూర్చొని, "తినండమ్మా, తినండి. నేనుండా కదా," అని గట్టిగా బతిమాలాడు. అవి అంతకంతకూ ముడుచుకున్నాయి.

ఒక గురువారం పొద్దున, జనం రావడం మొదలైన వేళకు, రెండిట్లో ఒకటి చచ్చి పడి ఉంది. దాని పక్కన నల్లోడు ముందుకాళ్ళ మీద తల ఆనించి పడుకొని ఉంది.

"కుక్కే చంపింది!" అని ఎవరో అరిచారు. ఎరువుల అంగడి ఆయన కర్ర అందుకున్నాడు. "కుక్కను నమ్మి చెవులపిల్లిని పక్కన పెడతారా? బుద్ధి ఉందా?" నెల కిందట ఆయనే ఆ కుక్క కాళ్ళకు మొక్కి పోయాడు.

ఓబులేసు అడ్డం పోయి కర్ర పట్టుకున్నాడు. చచ్చిన కుందేలును చేతుల్లోకి తీసుకొని, బొచ్చు పాయలు పాయలుగా తీసి చూపించాడు. మెడ మీద గాటు లేదు. కడుపు మీద గాటు లేదు. ఎక్కడా నెత్తురు బొట్టు లేదు.

"కొరకలేదు. మీరే చూడండి."

"మరెట్ల చచ్చింది?"

ఓబులేసు మళ్ళీ మెడ దగ్గర బొచ్చు తీసి వెతికాడు. జనం గొణుక్కుంటూ ఆటోల వైపు నడిచారు.

కుందేలును వేపచెట్టు మొదట్లో పూడ్చిపెట్టి, మట్టిచేతులతోనే తాత దగ్గరికి వచ్చాడు. తాత అరుగు మీద బొంత కుడుతున్నాడు.

"తాతా, నాకేమీ అర్థం కావడం లేదు."

"ఊఁ."

"నల్లోడు దాన్ని గోరుతో గీకింది కూడా లేదు."

"నల్లోడు మంచోడు."

"కోళ్ళు పొడిచింది లేదు. మేక కుమ్మింది లేదు."

"అవీ మంచివే."

"పోనీ, నేనేమన్నా తక్కువ చేసినానా?"

"నువ్వూ మంచోడివే."

తప్పు ఎవరో ఒకరిదైతే ఓబులేసు మనసు నిలిచేది. అందరూ మంచివాళ్ళే. మరి ఆ గుంతలో ఉన్నది ఎందుకు చచ్చింది? ఇంటి దగ్గర గోడ లేచినప్పుడూ అతనికి ఇట్లాగే ఉండింది.

తాత సూదిని బొంతకు గుచ్చి పక్కన పెట్టాడు.

"రెండోదాన్ని తే."

తెచ్చాడు. తాత అతన్ని కిందనే, నాపబండ మీద కూర్చోమన్నాడు. కుందేలును అతని ఒళ్ళో పెట్టాడు. అది కదల్లేదు. ఎక్కడ పెడితే అక్కడ, ఎట్లా పెడితే అట్లా ఉండిపోయింది. తాత ఓబులేసు కుడిచెయ్యి పట్టుకొని, కుందేలు ముందుకాళ్ళ మధ్యకు జరిపి, దాని రొమ్ము కింద ఆనించాడు.

మొదట వెచ్చగా మాత్రమే తగిలింది. తర్వాత వేళ్ళ కింద ఏదో పరిగెత్తుతున్నట్టు అనిపించింది. దర్జీ మిషను తొక్కుతున్నట్టు, ఆగకుండా, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ సందు లేకుండా. పైన చూస్తే రాయి. చెవి కదలదు, రెప్ప వాలదు. ముక్కు కూడా కదలడం లేదు. నంద్యాల నుంచి బుట్టలో వచ్చిన రోజు ఆ ముక్కు ఒక్క క్షణం నిలకడగా లేకుండా అదురుతూ ఉండడం చూసి నవ్వుకున్నది తనే. అది ఎప్పుడు ఆగిపోయిందో చూసుకోలేదు.

ఓబులేసు చెయ్యి తీసేయబోయాడు. తాత ఆ చేతి మీద తన చెయ్యి వేసి ఉంచాడు.

"నల్లోడా," అని పిలిచాడు, మెల్లగానే.

దొడ్డి అవతల పడుకున్న కుక్క లేచింది. ఒళ్ళు విదిలించుకొని, తోక ఊపుతూ వచ్చింది. అది దగ్గరయ్యే కొద్దీ ఓబులేసు అరచేతి కింద ఆ దడ పెరిగింది. పైకి ఒక్క వెంట్రుక కదల్లేదు. నల్లోడు వచ్చి, ప్రేమగా, కుందేలు నుదురు నాకింది. అప్పుడిక దెబ్బలు విడివిడిగా తెలియలేదు. ఒట్టి వణుకు తెలిసింది.

"జనం దీన్ని ఏమన్నారు?" అని అడిగాడు తాత.

ఓబులేసు తలెత్తకుండానే అన్నాడు.

"శాంతి అన్నారు."

"నువ్వు?"

"నేనూ అదే అన్నా."

తాత చెయ్యి తీశాడు. కుక్క మెడ నిమిరి, దాన్ని తీసుకొని రోడ్డు వైపు నడిచాడు.

"పదరా. నీ తప్పేం లేదు," అంటున్నాడు పోతూ పోతూ.

ఆ మాట కుక్కతో అన్నాడో తనతో అన్నాడో ఓబులేసుకు తెలియలేదు.

కుందేలు ఒళ్ళో ఉంది. చెయ్యి ఇంకా దాని రొమ్ము కిందే ఉంది. ఎందుకో, ఏ సంబంధమూ లేకుండా, సుంకులు గుర్తొచ్చింది. తను చేను నుంచి ఇంట్లో అడుగుపెట్టేసరికి వంటింటి దర్వాజా పక్కన నిలబడి ఉండేది. తల వంచుకొని, కొంగు గుప్పిట్లో పట్టుకొని. "కూచోమ్మా, తిను. నేనేమన్నా పరాయోణ్ణా?" అని తను ఇల్లు అదిరేటట్టు నవ్వేవాడు. కూర్చునేది కాదు. తినేది కాదు. తను మళ్ళీ చేనికి పోయినాకే పళ్ళెం ముందు కూర్చునేదని తమ్ముడు ఒకసారి అన్నాడు. పెద్దల ముందు మర్యాద అనుకున్నాడు తను. "మా మరదలు నోట్లో నాలుక లేని పిల్ల. మా ఇల్లెంత నెమ్మదో చూడండి," అని రచ్చకట్ట మీద చెప్పుకున్నాడు. ఆ పిల్ల చిక్కిపోతే మద్దిలేటి కర్నూలు తీసుకుపోయాడు. రోగమేమీ లేదన్నారు.

ఒక్క మాట అన్నాడా తను? అనలేదు. చెయ్యెత్తాడా? ఎత్తలేదు. ఎంత వెతికినా ఎక్కడా గాటు లేదు.

నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఆ పూట అన్నం తినకుండానే కందిచేలవాళ్ళను అడిగి కట్టె తెచ్చుకొని తడిక అల్లడానికి కూర్చున్నాడు. తాత చూశాడు. వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఒకరు అల్లుతుంటే ఒకరు బిగించారు. దొడ్డిలో కోళ్ళ రెట్ట పడని మూల చూసి కుందేళ్ళ వాటా వేరు చేశారు. కుక్క కంట పడకుండా రెండు వరసల తడిక కట్టారు. లోపల పాత చెక్కపెట్టె బోర్లించి, ఒకవైపు నుంచి దూరితే ఇంకోవైపు నుంచి బయటపడేటట్టు రెండు కంతలు పెట్టాడు ఓబులేసు. చుట్టూ మట్టి ఎత్తి పోశాడు. కుందేలును తీసుకుపోయి కంత ముందు దించాడో లేదో, లోపలికి దూరి కనబడకుండా పోయింది.

మరునాడు గరిక వేసి, ఏం చేస్తుందో చూద్దామని నిలబడబోయి, నిలబడకుండా వచ్చేశాడు. అది తిన్నదో లేదో తెలియలేదు. ఆ మరునాడూ అంతే. సందులోంచి తొంగిచూడాలని ప్రాణం కొట్టుకునేది. తాను ఇంత ప్రేమగా చూస్తుంటే తిననిది, చూడకుంటే తింటుందా? ఇదేం లెక్కో అతనికి ఇంకా సరిగ్గా బోధపడలేదు. తాతను అడగాలని రెండుసార్లు పోయాడు. తాత "ఉగ్గాని తిన్నావా?" అన్నాడు.

ఒక పొద్దున తడిక ఇవతల కోళ్ళకు గింజలు చల్లుతుంటే అవతల నుంచి సన్నగా చప్పుడైంది. కరకర, కరకర. గరిక నమలుతున్న చప్పుడు. ఓబులేసు గింజల గంప పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు. చప్పుడు ఆగిపోయేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటుందని సంత నుంచి ఇంకో ఆడ కుందేలును తెచ్చాడు. ఈసారి తొందరపడలేదు. తడికకు అటు దాన్ని, ఇటు దీన్ని ఉంచి, ఒకదాని వాసన ఒకదానికి అలవాటయ్యాకే కలిపాడు.

గురువారం వచ్చిన జనం వెతుక్కున్నారు.

"చెవులపిల్లులేవి?"

"లోపలుండాయి."

"చూపించు మరి. దూరం నుంచి వచ్చినాం."

"వాటికి రాబుద్ధయితే వస్తాయి."

కాసేపు ఎదురుచూశారు. అవి రాలేదు. "ఇంతేనా?" అని ఎరువుల అంగడి ఆయన పెదవి విరిచాడు. తర్వాత వారాల్లో ఆటోలు తగ్గాయి. దండాలు తగ్గాయి. ఓబులేసుకు బాధ కలగలేదంటే అబద్ధం. చెప్పడానికి కూడబెట్టుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అయితే మాట్లాడే అవసరం తగ్గేసరికి గొంతు కూడా తగ్గింది. అది అతను గమనించలేదు.

వానలు వెనకబడిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, మద్దిలేటి వచ్చాడు. వెంట సుంకులు. ఆమె చంకలో పాప. పాపకు పుట్టెంట్రుకలు తీయిస్తున్నారు, అన్నను పిలవాలని వచ్చారు.

జొన్నసొప్ప మోసుకొస్తున్న ఓబులేసు వాళ్ళను దూరం నుంచే చూశాడు. మోపు కింద పడేశాడు. రెండు చేతులూ చాచి, "రాండి! రాండి!" అని అరవబోయాడు. వేపచెట్టు నీడ అంచున సుంకులు ఆగిపోయి ఉంది. తల వంచుకొని ఉంది. కొంగు గుప్పిట్లో ఉంది.

ఓబులేసు చాచిన చేతులు దించుకున్నాడు. ఉన్నచోటే నేల మీద చతికిలబడ్డాడు. ముఖం కొంచెం పక్కకు తిప్పుకున్నాడు.

మద్దిలేటి ఒక్కడే దగ్గరికి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ముహూర్తం చెప్పాడు. వానల గురించి చెప్పాడు. ఓబులేసు ఊఁ కొట్టాడు, చిన్నగా ఒకటీ రెండూ అడిగాడు.

"ఒంట్లో బాగలేదా అన్నా?" అన్నాడు మద్దిలేటి.

"బాగనే ఉంది."

"మరి గొంతేంది ఇట్లుంది?"

ఓబులేసు నేల మీద సొప్పపుల్ల ఒకటి తీసుకొని విరుస్తూ కూర్చున్నాడు. చెట్టు వైపు చూడలేదు. చూడకపోవడం ఇంత కష్టమని అతనికి ఇదివరకు తెలియదు. తను చేస్తున్నది సరైనదో కాదో తెలియలేదు. ఇంటికొచ్చిన ఆడబిడ్డను పలకరించని మొరటోడు అనుకుంటుందేమో. లేచి పిలవాలా? పిలిస్తే మళ్ళీ మొదటికొస్తుందా?

తమ్ముడు ఇంకేదో చెబుతున్నాడు. చెవికెక్కడం లేదు.

ఎండుటాకుల మీద అడుగుల చప్పుడైంది. ఆగింది. మళ్ళీ అయింది. కొంచెం దగ్గరగా ఆగింది.

"బావా."

ఓబులేసు విరుస్తున్న పుల్ల చేతిలోనే ఆగిపోయింది. అన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నారు. ఆ గొంతు ఇట్లా ఉంటుందని అతనికి తెలియదు.

"తాగేదానికి నీళ్ళుండాయా బావా? పాప ఎండకు అలిసింది."

అతని గుండె చెవుల్లో వినబడుతోంది. కాళ్ళు వాటంతటవే కిందికి ముడుచుకున్నాయి, ఒక్క ఊపున లేచి పరిగెత్తడానికి.

అరుగు మీద నుంచి, బొంత మీది చూపు తిప్పకుండానే, తాత అన్నాడు:

"మెల్లగా లెయ్యి, నాయనా."